నాకు తెలియని కార్డే ప్రతిసారీ వస్తోంది

ప్రశ్న: మా ఆఫీసులో ముగ్గురు కొలీగ్స్ వారానికోసారి పని అయ్యాక 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' కార్డులు ఆడతారు. ఈమధ్య నన్నూ పిలిచారు. ఒక డెక్ (ఆడటానికి కట్టిన కార్డుల కట్ట) చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తున్నారు. మంచివాళ్లే. కానీ ప్రతి కార్డు మీదా నాలుగైదు లైన్ల రూల్స్ ఉంటాయి, ఏ కార్డూ ఇంకో కార్డులా ఉండదు. నేను ఒకటి చదివి అర్థం చేసుకునేలోపు ఆట ఎక్కడికో వెళ్లిపోతుంది. అడిగితే నా కోసం అందరూ ఆగాలి కదా అని, అర్థమైనట్టు తలూపుతున్నాను. ఓడిపోతున్నందుకు బాధ లేదు. ఎందుకు ఓడానో కూడా తెలియడం లేదు, అదీ బాధ. త్వరగా వస్తుందేమో అని లోపల ఏ కార్డులున్నాయో తెలియని బూస్టర్ ప్యాకులు చాలా కొన్నాను. ఆ కార్డులతో ఏం చేయాలో తెలియక డబ్బాలో పడేశాను. ముప్పై అయిదేళ్ల వయసులో ఇది నా వల్ల అయ్యే పనేనా? మానేయమంటారా?
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం: ఆట మానేయకండి. ఇప్పుడు నేర్చుకుంటున్న పద్ధతి మాత్రం వెంటనే మానేయండి.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది: ఎందుకు ఓడానో కూడా తెలియడం లేదు అన్నది. కొత్తగా ఆడేవాళ్లు ఓడిపోవడం మామూలే, దానికి ఎవరూ కంగారు పడక్కర్లేదు. కారణం తెలియకుండా ఓడిపోతూ ఉంటే మాత్రం ఎంత ఇష్టం ఉన్నవాళ్లకైనా విసుగొచ్చేస్తుంది. కారణం తెలిస్తే, వచ్చే ఆటలో ఒక్కటైనా మార్చి చూడొచ్చు. తెలియకపోతే మళ్లీ అదే టేబుల్ దగ్గర, అదే తలూపడం. కాబట్టి ముందు సరిచేయాల్సింది ఇదే.

మీరు పేరు రాయలేదు గానీ, నలుగురు కలిసి ఆడుతున్నారంటే, ఏ కార్డూ రెండోసారి కనపడటం లేదంటే, అది 'కమాండర్' అనే ఫార్మాట్ అయి ఉండాలి. అందులో ఒక్కొక్కరి డెక్‌లో 100 కార్డులు. మామూలు ల్యాండ్లు (మిగతా కార్డులు వేయడానికి కావలసిన 'మానా' అనే శక్తినిచ్చే కార్డులు) తప్ప ఏ కార్డయినా ఒక్కటే ఉండాలి. లైఫ్, అంటే ఆటగాడి ప్రాణం లెక్క, 40తో మొదలవుతుంది; అది సున్నా అయితే ఓడినట్టే. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. ల్యాండ్లు పక్కన పెడితే ఒక్కో డెక్‌లో సుమారు 60 వేరువేరు కార్డులు మిగులుతాయి. నాలుగు డెక్‌లంటే ఆ టేబుల్ మీదకు రెండు వందలకు పైగా కొత్త కార్డులు రావచ్చు. వాటిలో మీరు ఇంతకుముందు చదివినవి ఎన్ని? వాళ్లు ఏళ్ల తరబడి ఆడుతున్నారు, బొమ్మ చూడగానే కార్డు చెప్పేస్తారు. మీరు మొదటి లైను నుంచి చదవాలి. ఇందులో మీ తెలివితేటల ప్రసక్తే లేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. 60 కార్డుల మామూలు డెక్‌లో ఒక కార్డు నాలుగు కాపీల దాకా పెట్టుకోవచ్చు. అలా పెడితే మొదట పంచుకునే ఏడు కార్డుల్లో అది కనీసం ఒకటైనా ఉండే అవకాశం నూటికి 40 దాకా ఉంటుంది. కమాండర్‌లో, పక్కన విడిగా పెట్టే కమాండర్ కార్డు పోను 99 మిగులుతాయి కాబట్టి, అదే అవకాశం నూటికి ఏడు. అంటే మీ డెక్‌లోని ఒక మంచి కార్డు ఈరోజు చేతికొచ్చి, దాన్ని మీరు తప్పుగా వాడితే, ఆ తప్పు దిద్దుకునే అవకాశం మళ్లీ ఎన్ని వారాలకు వస్తుందో చెప్పలేం. ఏ విద్యయినా చేసిందే మళ్లీ చేస్తే వస్తుంది. మీకు ఆ 'మళ్లీ' అన్నదే దొరకడం లేదు.

ఇక తలూపడం గురించి. ఈ ఆటను రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేశాడు. ఆయన గణితం చదువుకున్న మనిషి. 1993లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ దీన్ని బయటకు తెచ్చినప్పుడు మొదటి విడతలో ఉన్నవి 295 రకాల కార్డులు. ఎవరి ప్యాకులో ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. ఎదుటివాడు తన జీవితంలో మొదటిసారి చూసే కార్డును మనం టేబుల్ మీద పెట్టగలగడం, దాన్ని చదివి అతను ఆశ్చర్యపోవడం, ఆటలో మొదటినుంచీ ఉన్న సంగతే. ఇప్పుడు 25 వేలకు పైగా వేరువేరు కార్డులున్నాయి. అన్నీ తెలిసినవాళ్లు మీ టేబుల్ దగ్గరే కాదు, ఎక్కడా ఉండరు. పోటీల్లో ఆడే హేమాహేమీలు కూడా "ఆ కార్డు ఒకసారి చూడనివ్వండి" అని చేయి చాస్తారు. కార్డు మీద ఏముందో పూర్తిగా తెలుసుకునే హక్కు పోటీల్లో కూడా ఆటగాడికి ఉంటుంది. తెలియని కార్డు చదవడం అంటే ఆటను ఆపడం కాదు. అదీ ఆటలో భాగమే.

కాబట్టి వచ్చే వారం తలూపకండి. "ఒక్క నిమిషం, చదవనివ్వండి" అనండి. చదివాక కూడా అర్థం కాకపోతే, "ఇప్పుడు దీనివల్ల నాకేం ఇబ్బంది?" అని అడగండి. ఈ రెండో ప్రశ్న చాలా మంచిది. 'ఈ కార్డు ఏం చేస్తుంది' అని అడిగితే మీవాళ్లు దానిమీది నాలుగు లైన్లూ మళ్లీ చదివి వినిపిస్తారు, అంతకుమించి మీకు ఒరిగేది ఉండదు. 'నాకేం ఇబ్బంది' అని అడిగితే, "నువ్వు క్రీచర్ (పోరాడే జీవి కార్డు) వేసిన ప్రతిసారీ నేనొక కార్డు తీసుకుంటాను, కాబట్టి చిన్న చిన్నవి ఎక్కువ వేయకు" అని పనికొచ్చే మాట చెబుతారు. మీరే మంచివాళ్లని రాశారు. మంచివాళ్లు ఇలాంటి ప్రశ్నకు విసుక్కోరు. పైగా, తమ డెక్ గురించి ఎవరైనా అడగాలే గానీ, ఆడేవాళ్లలో చాలామంది గంటసేపు చెబుతారు.

అయినా అసలు నేర్చుకోవడం ఆ టేబుల్ దగ్గర జరగదు. ఆ ముగ్గురిలో ఓపికున్న ఒకరిని పట్టుకోండి. ఇద్దరే ఆడండి, చిన్న డెక్‌లతో ఆడండి. దీనికి 'జంప్‌స్టార్ట్' ప్యాకులు బాగా పనికొస్తాయి. 2020లో మొదలైన పద్ధతి ఇది. ఒక్కో ప్యాకులో ఒకే తరహాలో సాగే 20 కార్డులుంటాయి, ల్యాండ్లతో సహా. రెండు ప్యాకులు కలిపితే 40 కార్డుల డెక్ తయారు. ఏం కట్టాలి, ఏం తీసేయాలి అన్న తలనొప్పి ఉండదు. ముఖ్యమైన మాట: ఒక డెక్ తీసుకున్నాక, దాన్ని మార్చకుండా చాలా ఆటలు ఆడండి. మీ కార్డులు మీకు కంఠతా వచ్చేస్తే, మీ దృష్టంతా ఎదుటివాళ్ల కార్డుల మీద పెట్టొచ్చు. చదవాల్సిన భారం సగం తగ్గిపోతుంది.

చిన్న డెక్‌లు ఎందుకంటున్నానంటే, ఈ ఆట పునాది నిజంగా చిన్నదే. చేతిలో ఏడు కార్డులు, లైఫ్ 20. టర్నుకి ఒక ల్యాండ్ వేయొచ్చు. ల్యాండును అడ్డంగా తిప్పితే, అంటే ట్యాప్ చేస్తే, మానా వస్తుంది. ఆ మానాతో మిగతా కార్డులు వేస్తారు. క్రీచర్లతో ఎటాక్ చేస్తారు, ఎదుటివాళ్లు తమ క్రీచర్లతో అడ్డుకుంటారు. అంతే. ఆ పైన ఒక సూత్రం ఉంది: రూల్ ఒకటి చెప్పి, కార్డు ఇంకొకటి చెబితే, కార్డు మాటే చెల్లుతుంది. ఇక్కడే కొత్తవాళ్లు చిక్కుకుపోతారు. చాలా కార్డులు ఏదో ఒక రూల్‌కి మినహాయింపులే. మీరు కమాండర్ టేబుల్ దగ్గర చూస్తున్నవన్నీ మినహాయింపులు, వాటి మీద మళ్లీ మినహాయింపులు. అసలు రూల్ ఏమిటో చేతికి అలవాటు కాకముందే మినహాయింపులు మీద పడితే ఎవరికైనా టెన్షనే. పూర్తి రూల్స్ పుస్తకం వందల పేజీలుంటుంది. దాని జోలికి వెళ్లకండి, అది రిఫరీలు తిరగేసే పుస్తకం.

ఒక్క సందర్భం విడమర్చి చెబుతాను. ఇది అర్థమైతే ఆటలో సగం అర్థమైనట్టే అని నా నమ్మకం.

మీ ముందు 'గ్రిజ్లీ బేర్స్' అనే క్రీచర్ ఉంది. దాని బలం 2, తట్టుకునే శక్తి 2. ఎదుటివాళ్ల చేతిలో 'లైట్నింగ్ బోల్ట్' ఉంది, ఒక ఎర్ర మానాకు మూడు డ్యామేజ్ ఇస్తుంది. మీ చేతిలో 'జయంట్ గ్రోత్' ఉంది, ఒక పచ్చ మానాకు ఒక క్రీచర్‌కి ఆ టర్న్ ముగిసేదాకా రెండు వైపులా మూడు చొప్పున పెంచుతుంది. రెండూ ఇన్‌స్టంట్లే, అంటే ఎవరి టర్నులోనైనా వేయొచ్చు. వేసిన కార్డు వెంటనే పనిచేయదు. 'స్టాక్' అనే వరుసలో చేరి ఆగుతుంది. ఈలోపు ఇంకొకరు దాని మీద ఇంకో కార్డు వేయొచ్చు. చివర వేసింది ముందు జరుగుతుంది.

మీరు ఎటాక్ చేశారు. ఎదుటివాళ్లు బోల్ట్ వేశారు. దానికి జవాబుగా మీరు గ్రోత్ వేశారు. మీది చివర వేసింది కాబట్టి ముందు అది జరుగుతుంది. బేర్స్ 5/5 అయ్యాయి. తరవాత బోల్ట్ తగిలింది, మూడు డ్యామేజ్, బేర్స్ బతికాయి. ఇక్కడ అందరికీ ఒక అనుమానం వస్తుంది: టర్న్ అయ్యాక గ్రోత్ పోయి మళ్లీ 2/2 అయితే, తగిలిన మూడు డ్యామేజ్‌తో చచ్చిపోదా? పోదు. టర్న్ చివర్లో డ్యామేజ్ మాసిపోవడం, గ్రోత్ బలం దిగిపోవడం రెండూ ఒకేసారి జరుగుతాయి.

ఇప్పుడు ఇవే కార్డులు, వరుస మార్చండి. ఎటాక్ చేశారు, ఎదుటివాళ్లు అడ్డుకోలేదు, ఎక్కువ డ్యామేజ్ తగులుతుంది కదా అని తొందరపడి మీరే ముందు గ్రోత్ వేశారు. దానికి జవాబుగా వాళ్లు బోల్ట్ వేశారు. ఇప్పుడు బోల్ట్ ముందు జరుగుతుంది, 2/2గా ఉన్న బేర్స్ చచ్చిపోయాయి. తరవాత గ్రోత్ వంతు వచ్చేసరికి దానికి క్రీచరే లేదు, అదీ వృథా. మీవి రెండు కార్డులు పోయాయి, వాళ్లది ఒక్కటి. అవే మూడు కార్డులు, ఎవరు ముందు వేశారన్న దాన్నిబట్టి ఫలితం తారుమారయింది. ఎవరైనా మిమ్మల్ని ఎందుకు ఓడావని అడిగితే, ఇలాంటి ఘట్టం ఒకటి గుర్తుపెట్టుకుని చెప్పగలగాలి.

మరి గ్రోత్ ముందుగా ఎప్పుడు వేయొచ్చు? ఎదుటివాళ్ల ల్యాండ్లు చూడండి. అన్నీ అడ్డంగా తిరిగి ఉంటే వాళ్ల దగ్గర మానా లేనట్టే, మామూలుగా వాళ్లు జవాబు ఇవ్వలేరు. ఒక ఎర్ర ల్యాండ్ నిలువుగా మిగిలి ఉంటే, అది ఊరికే మిగలలేదేమో అని అనుమానించండి. కొత్తవాళ్లు తమ చేతిలోని కార్డులే చూసుకుంటూ ఉంటారు. తల ఎత్తి అవతలి ల్యాండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆట మారిపోతుంది. ఇద్దరి ఆటలో ఇది నేర్చుకోవడం తేలిక, చూడాల్సింది ఒక్కరినే కదా.

మొదటి ఏడు కార్డుల విషయంలో ఒక మాట. ల్యాండ్లు ఒకటే వచ్చినా, మంచి కార్డులున్నాయి కదా అని ఆశపడి ఉంచేసుకోవడం కొత్తలో అందరూ చేసేదే. 60 కార్డుల్లో 24 ల్యాండ్లు పెట్టుకుంటే ఏడింటిలో సగటున మూడుకు కొంచెం తక్కువగా వస్తాయి. ఒక్కటే వస్తే మొహమాటపడకుండా వెనక్కిచ్చేయండి. దీన్ని మలిగన్ అంటారు. 2019 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం మళ్లీ ఏడు తీసుకుని, అందులో ఒకటి డెక్ అడుగున పెడితే సరిపోతుంది. ఇద్దరికన్నా ఎక్కువమంది ఆడేటప్పుడు మొదటి మలిగన్‌కి ఆ నష్టం కూడా లేదు. మీరు కారణం తెలియకుండా ఓడిన ఆటల్లో కొన్ని ఈ మొదటి ఏడు కార్డుల దగ్గరే పోయి ఉండొచ్చు.

ఆఫీసులో తోడు దొరకని రోజుల్లో 'మ్యాజిక్ అరీనా' ఉంది, ఉచితంగా ఆడొచ్చు. ఎవరినీ ఆపుతున్నామన్న బెంగ ఉండదు, చేయకూడని పని చేయబోతే అదే చేయనివ్వదు. మొదట్లో వచ్చే పాఠాలు దాటేయకుండా ఆడండి. ఒకటే జాగ్రత్త. అందులో చాలా పనులు కంప్యూటరే చేసేస్తుంది కాబట్టి టేబుల్ దగ్గరికొచ్చేసరికి ట్యాప్ చేసినవి నిలువుగా తిప్పడం, కార్డు తీసుకోవడం లాంటివి మరిచిపోతుంటారు. అందుకే రెండూ కలిపి సాగించండి.

వయసు గురించి అడిగారు. ఈ ఆటకు వేగంగా కదిలే చేతులు అక్కర్లేదు, ఓపికగా చదివే కళ్లు కావాలి. ముప్పై అయిదు దానికి అడ్డు కాదు.

డబ్బు గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఇకమీద డెక్ కోసం బూస్టర్ ప్యాకులు కొనకండి. ప్యాకులో ఏముందో తెలియకుండా కొంటాం, కావలసిన కార్డు వస్తుందన్న నమ్మకం లేదు, రాకపోతే ఇంకోటి విప్పాలనిపిస్తుంది. ఆ లాగుడు చాలా బలమైనది. పెద్దవాళ్లు కూడా తట్టుకోలేరు. ఒక కార్డు కావాలంటే ఆ కార్డునే విడిగా కొనుక్కోండి, ఆటగాళ్లు సింగిల్స్ అంటారు. లేదా డెక్ మొత్తం తయారుగా అమ్మేది కొనుక్కోండి. బూస్టర్లకు సరైన చోటు డ్రాఫ్ట్. ఒక్కొక్కరు మూడు ప్యాకులు తీసుకుని, ఒకటి విప్పి, ఒక కార్డు ఎంచుకుని, మిగతాది పక్కవాళ్లకు అందించి, అలా పోగైనవాటితో 40 కార్డుల డెక్ కట్టి ఆడటం. అప్పుడు ప్యాకు విప్పడమే ఆట అవుతుంది. కొన్నదానికి ఆనందం దక్కుతుంది.

కమాండర్ టేబుల్‌ని వదిలేయమని అనడం లేదు. నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఆడే ఆట అది, మిమ్మల్ని పిలిచింది కూడా స్నేహంగానే. ఇద్దరి ఆట కాస్త చేతికి అలవాటయ్యేదాకా ఆ రోజుల్లో ఒక్క పని పెట్టుకోండి: ఎదురుగా ఉన్న ఒకరి డెక్‌ని మాత్రమే గమనించండి. మిగతా ఇద్దరివి అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఆట అయ్యాక ఆ ఒక్కరినే "నేను ఎక్కడ దెబ్బతిన్నాను?" అని అడగండి. ఒక్క జవాబు చాలు, వారానికి.

ఇక డబ్బాలో పడేసిన మీ కార్డులు. వాటిని ఈ వారాంతంలో బయటకు తీయండి. రంగుల వారీగా అయిదు కుప్పలు పెట్టండి: తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ. అయిదింటిలోకీ క్రీచర్లు ఎక్కువున్న రెండు రంగులు తీసుకోండి. వాటిలోంచి 23 కార్డులు ఏరండి. అందులో క్రీచర్లు పదిహేను దాకా ఉండాలి, రెండు మూడు మానాకే వేయగలిగినవి ఎక్కువగా ఉండాలి, ఆరేడు మానా అడిగేవి ఒకటో రెండో చాలు, ఎంత అందంగా ఉన్నా సరే. వాటికి 17 ల్యాండ్లు కలపండి. మొత్తం 40. ల్యాండ్లు తక్కువైతే మీ కొలీగ్స్‌ని అడగండి, చాలాకాలంగా ఆడుతున్నవాళ్ల దగ్గర మామూలు ల్యాండ్లు కుప్పలుగా పడి ఉంటాయి. అడిగేటప్పుడే, మిగిలిన మూడు రంగుల కుప్పలు వాళ్లలో ఒకరి ముందు పెట్టి, వీటితో నువ్వూ ఒక డెక్ కట్టు, ఇద్దరం ఆడదాం అనండి.